చికాగో దక్షిణభాగమున ఒక ఉన్నత పాఠశాల

చికాగో నగరమునకు పోవు తెలుగువారు సాధారణముగా చూచి వచ్చు స్థలములు కొన్ని కలవు. 1893 సెప్టెంబరు 11వ తేదీన వివేకానందస్వామి సర్వమత మహాసభలో ప్రసంగించిన భవనము నేడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అను చిత్రకళాప్రదర్శనశాలయై మిషిగన్ వీథిలో నిలిచియున్నది; దానికి తూర్పున, ఆవలి గట్టు కనబడకుండుటచే సముద్రమని భ్రమింపదగిన సరస్సున్నది; పడమటి దిక్కున అరోరా పట్టణమునందు మనవారు కట్టుకొన్న బాలాజీ ఆలయమున్నది. ఇవన్నియు నేనును చూచితిని, చూచి సంతోషించితిని. కాని నన్నంత దూరము రప్పించినది వీనిలో ఏదియు కాదు. పురపాలక ఉన్నత పాఠశాలలో చిరకాలము ఉపాధ్యాయుడనై, పిదప ప్రధానోపాధ్యాయుడనై, ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిననాడు ఒకే యొక ఉత్తీర్ణతాశాతముచేత బడి మంచిచెడ్డలన్నియు నిర్ణయింపబడుటను చూచిన నాకు, బడిలోపలి వాతావరణమును, అనగా అచ్చట పిల్లలకు భయమున్నదా, నమ్మకమున్నదా, తమ్మెవరైన పట్టించుకొందురన్న ధైర్యమున్నదా అనునట్టి సంగతులను, శ్రద్ధతో కొలువవచ్చునా, కొలిచినచో దానివలన పిల్లవానికి మేలు కలుగునా అను ప్రశ్న చాలకాలమునుండి మనసున నాటుకొని యుండెను. ఆ ప్రశ్నకు ముప్పది యేండ్లకు పైగా సమాధానము వెదకుచున్న నగరము చికాగో యని చదివియుంటిని. శరదృతువున, ఆ నగరపు బడులలో మొదటి త్రైమాసికపు మార్కులు వేయబోవు దినములలో, అచ్చటికి చేరితిని.

లూప్ అని పిలుచుకొను నగరమధ్యభాగమునుండి, వీథులకు పైయెత్తున ఇనుపకంబములమీద పోవు 'ఎల్' రైలెక్కి నైరృతిదిక్కుగా పోవుచుండగా, మేడల వరుస హఠాత్తుగా ముగిసి, ఇండ్ల పెరటివైపు కఱ్ఱమెట్లును, కఱ్ఱవసారాలును, వాని నడుమ గడ్డి మొలచిన ఖాళీ నివేశనములును కిటికీకి దాపున కనబడజొచ్చును. హాల్‌స్టెడ్ స్టేషనున దిగి దక్షిణమునకు బస్సులో కొంతదూరము పోయి, పడమటివైపు ఒక వీథి నడచినచో ఒక పాత రాతిద్వారము ఎదురగును. 1865లో తెరువబడి 1971లో మూతపడిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ అను మహాకబేళాల ప్రాంతమునకు మిగిలిన ముఖ్యమైన గురుతు అది. ఆ కబేళాలలో కూలిచేసినవారి దుర్భరజీవనమును అప్టన్ సింక్లేరు 1906లో నవలగా వ్రాసి లోకమునకు తెలిపినాడు. ఐర్లండునుండి, జర్మనీనుండి, పోలండు లిథువేనియాలనుండి, ఆపైన మెక్సికోనుండియు, అమెరికా దక్షిణరాష్ట్రముల పత్తిచేలనుండియు వచ్చిన బీదజనము ఒకరి వెనుక నొకరు ఇచ్చటి పనులలో కుదిరి, ఇచ్చటి ఇరుకు ఇండ్లలో కాపురముండిరి. పనులు పోయినవి, మనుష్యులలో కొందఱు పోయిరి, కొందఱు మిగిలిరి, మిగిలినవారి పిల్లలకే నేను చూడబోవు పాఠశాల. ఒకప్పుడు నాలుగు లక్షలకు పైబడిన చికాగో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థిసంఖ్య నేడు మూడు లక్షల చిల్లరకు తగ్గినది. 2013లో ఒక్కపెట్టున సుమారు యాబది బడులు మూయబడినవి. వానిలో అధికభాగము ఈ దక్షిణభాగమునను, పడమటిభాగమునను ఉన్న నల్లవారి పేటలలోనివి. ఒక బడి మూయుట యనగా ఒక వీథికి ఏమగునో పాతబడిన ఆ యిటుకగోడలప్రక్కగా నడచినపుడు అర్థమైనది. అట్టి నిర్ణయములన్నిటికిని ఆధారముగా ఎవరో ఒకరు ఏవో అంకెలు చూపియే యుందురు గదా. కనుకనే ఆ అంకెలు ఎట్లు పుట్టినవో తెలిసికొనుట కేవలము పండితుల వేడుక కాదని నా యభిప్రాయము.

చికాగోలో ఈ విచారము మొదలగుటకు కారణము లేకపోలేదు. 1987లో ఉపాధ్యాయులు పందొమ్మిది బడిదినములు సమ్మెచేసిరి. ఆ సంవత్సరముననే అమెరికా విద్యాశాఖామాత్యుడు విలియం బెన్నెట్, చికాగో పాఠశాలలు దేశమునకెల్ల అధమములని బహిరంగముగా ననెను. తల్లిదండ్రులకు అప్పటికే కలిగియున్న కోపము రగిలినది. మరుసటియేట ఇలినాయ్ శాసనసభ ఒక చట్టము చేసి, ప్రతి పాఠశాలకును ఒక స్థానిక మండలి నేర్పరచినది: ఎన్నికైన ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దఱు పేటవాసులు, ఇద్దఱు ఉపాధ్యాయులు, వారితోపాటు ప్రధానోపాధ్యాయుడు, ఉన్నత పాఠశాలలలో విద్యార్థిప్రతినిధియు నుండిరి. ప్రధానోపాధ్యాయుని నాలుగేండ్ల ఒడంబడికపై నియమించుట, అతని పని సరిగా లేదనిన మార్చుట మండలి చేతిలోని పని. ఇంతటి యధికారము బీదపేటలలోని తల్లుల చేతికి వచ్చుట నాకు గొప్ప సంగతిగా తోచినది. అయితే 1995లో మఱియొక చట్టము వచ్చి నగరపాఠశాలల పైయధికారమును మేయరునకు అప్పగించెను. ఆపైన పరీక్షల కాలము వచ్చెను. మూడవ, ఆరవ, ఎనిమిదవ తరగతుల పిల్లలు అయోవా పరీక్షలో నియమితస్థాయిని అందుకొననిచో వేసవిబడికి పోవలసియుండెను. అప్పటికిని అందుకొననిచో ఆ తరగతిలోనే ఉండిపోవలసియుండెను. అత్యధికులు వెనుకబడిన బడిని శిక్షాపరిశీలనలో నుంచుచుండిరి.

ఒకే కొలమానమునకు ఇంత బరువు కట్టినపుడు ఏమి జరుగునో చెప్పుటకు చికాగోలోనే ఒక పరిశోధన జరిగినది. బ్రయన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ అను అర్థశాస్త్రజ్ఞులు ఆ కాలపు ప్రాథమిక తరగతుల జవాబుపత్రములను యంత్రముచే పరీక్షించి, ఒక గదిలోని పిల్లలందఱు కఠినప్రశ్నలకు ఒకే వరుసలో సరియైన సమాధానములు వ్రాసి, మరుసటియేట మరల చతికిలబడుట వంటి అసహజలక్షణములను వెదకి, ఏటేట కనీసము నూటికి నాలుగైదు తరగతిగదులలో ఉపాధ్యాయులో అధికారులో జవాబులను దిద్దుచున్నారని 2003లో ప్రకటించిరి. ఉపాధ్యాయవృత్తిలో తల నెఱసిన నాకు అది చదువుటయే బాధ. కాని ఆ గదులలోని ఉపాధ్యాయులందఱు పుట్టుకతో దుర్మార్గులని నేను నమ్మను. కుప్ప నూర్చిన పిమ్మట కొలిచిన ధాన్యము ఏ మాసమున మడికి నీరందలేదో చెప్పజాలదు. ఆ కొలతను చూపియే రైతును కొట్టుదుమన్నచో అతడు కుంచము అడుగున చేయి పెట్టును. చికాగోవారి గొప్పతనము అంతటితో కొలతలనే రోసి ఊరకుండక, నీరందు కాలముననే తెలియు కొలతకొఱకు వెదకుటలో నున్నది.

పాఠశాలకు నన్ను తోడుకొనిపోయినది అచ్చట గణితము బోధించు తెలుగు ఉపాధ్యాయురాలు. అమెరికా నగరములలో గణితవిజ్ఞానములకు ఉపాధ్యాయులు చాలని కాలమున మన దేశమునుండి పిలిపింపబడినవారిలో ఆమె యొకతె, తెనాలిప్రాంతపు పిల్ల. వాకిట ముదురుపచ్చ లోహపు తలుపులు. లోపల సామానును పరీక్షించు యంత్రము, మనిషిని పరీక్షించు ఇనుపచట్రము. పిల్లలు వరుసగా సంచులు బల్లపై పెట్టుచు, ఆ చట్రముగుండ నడచిపోవుచుండిరి. అచ్చటి భద్రతాధికారి, అరువదేండ్లకు దగ్గఱైన నల్లజాతి స్త్రీ, ప్రతివారిని పేరుపెట్టి పిలుచుచు, ఒకని చూచి తమ్ముని జ్వరము తగ్గినదా యని, ఇంకొకతెను చూచి నిన్న ఎందుకు రాలేదని అడుగుచుండెను. "మాస్టారూ, మెషీను చూసి భయపడకండి. పిల్లలు బడిలోకి వచ్చేది మెషీనులోంచి కాదు, ఆవిడ దగ్గర్నుంచి" అని మా తెనాలి పిల్ల మెల్లగా ననెను. ఆ మాట అతిశయోక్తి కాదని తరువాత విశ్వవిద్యాలయమున్న హైడ్ పార్కు పేటయందు చూచిన పరిశోధనలవలన తెలిసినది.

ఆ దినమున నేను చూడదలచినది తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయుల వారపుసమావేశము. అమెరికాలో ఉన్నత పాఠశాల తొమ్మిదవ తరగతితో మొదలగును. పదునాలుగేండ్ల పిల్లలు చిన్నబడినుండి వచ్చి, ఒక్కసారిగా ఆరేడుగురు ఉపాధ్యాయుల చేతులలో పడుదురు. ఎవరికిని పూర్తిగా చెందరు. అట్టి పిల్లవాడు రెండుమూడు దినములు రాకపోయినచో ప్రతి ఉపాధ్యాయుడును మఱియొకరు చూచుకొందురని తలచును. దీనిని మాన్పుటకే ఒకే పిల్లలకు పాఠములు చెప్పు ఉపాధ్యాయులందఱు వారమున కొకసారి ఒక బల్లచుట్టు కూర్చుందురు. బల్లపై ఒక పట్టిక. అందు పేర్లు, ప్రతి పేరునకు ఎదుట హాజరు, ప్రతి విషయమున ఆనాటివఱకు వచ్చిన శ్రేణి. నేను ఏవో రహస్యగణితములు చూడబోవుచున్నానని తలచియుంటిని. అది నేను నా పాఠశాలలో కాగితముపై గీచుకొనిన హాజరుపట్టికకంటె పెద్దగా భిన్నము కాదు. భిన్నమైనది వారు దానిని చదివిన పద్ధతి.

ఒక బాలుని పేరు వచ్చినది. మొదటి రెండు వారములు ఒక్కదినమైనను తప్పక వచ్చినాడు; ఇటీవల మొదటి పీరియడుకు మాత్రము రాడు, మిగిలినవానికి వచ్చును. ఆంగ్లోపాధ్యాయుడు అతడు తెలివైనవాడనెను. మొదటి పీరియడు బీజగణితము కావున లెక్కలన్న భయమేమో యని మఱియొకరు. మా తెనాలి పిల్ల తలయూపలేదు. అతని చెల్లెలు దగ్గఱి చిన్నబడిలో చదువుచున్నదనియు, తల్లి తెల్లవారుఝామున పనికి పోవుటచేత పాపను దింపివచ్చు భారము ఇతనిదనియు, ఆ బడి గంట ఈ బడి గంటకు తరువాత మ్రోగుననియు ఆమె నెమ్మదిగా చెప్పెను. గది ఒక క్షణము నిశ్శబ్దమైనది. తరువాత పని వేగముగా జరిగినది: బీజగణితమును మధ్యాహ్నపు పీరియడునకు మార్చవచ్చునా యని సలహాదారిణి కంప్యూటరులో వెదకినది, దొరికినది, మార్చినది. వైఫల్యము కాబోవుచున్న ఒక శ్రేణి ఆ గదిలో పది నిముషములలో తప్పినది. దీనికి ఏ పరీక్షయు అక్కఱలేకపోయినది. ఆ పిల్లవానిని ఎఱిగిన మనిషియు, ఆ మనిషి మాట వినుటకు కూర్చున్న తోటివారును, వారిని కూర్చుండబెట్టిన పట్టికయు చాలినవి.

ఆ పట్టిక వెనుక నున్న చరిత్ర చెప్పవలసినది. చికాగో విశ్వవిద్యాలయమున 1990లో ఆంథొనీ బ్రైక్ మొదలగువారు నగరపాఠశాలల పరిశోధనకై ఒక సంస్థను స్థాపించిరి. ఆ సంస్థకు చెందిన ఎలేన్ అలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ అనువారు 2005లో ఒక చిన్న సూచికను గుఱించి ప్రకటించిరి. తొమ్మిదవ తరగతి ముగియునాటికి ఐదు పూర్తి సంవత్సరపు క్రెడిట్లు సంపాదించి, ముఖ్యవిషయములలో సంవత్సరమంతటిలో ఒక సెమిస్టరు ఫెయిలుకు మించి లేని విద్యార్థి 'దారిలో నున్నవాడు'. అట్టివారిలో నూటికి 81 మంది నాలుగేండ్లలో చదువు ముగించుచున్నారు. దారితప్పినవారిలో 22 మందియే. చిన్నబడిలో పరీక్షలందు వచ్చిన మార్కులకంటె, జాతికంటె, తల్లిదండ్రుల ఆదాయముకంటె ఈ ఒక్క సంవత్సరపు నడక భవిష్యత్తును స్పష్టముగా చూపినది. 2007లో వారే మఱియొక పరిశోధనలో, వైఫల్యములకు మూలము తెలివిలేమి కాదు, గైర్హాజరనియు, ఒక సెమిస్టరున ఒకటి రెండు వారములు బడి మానుట కూడ ప్రమాదకరమనియు చూపిరి. ఈ అంకెలు ఉన్నత పాఠశాలల చేతికి పేర్లతో సహా, సంవత్సరము నడుచుచుండగానే అందజొచ్చినవి. 2007లో నూటికి 57గా నున్న దారిలోనివారు 2013నాటికి 82 అయిరి. శ్రేణులు ఉదారముగా వేయుటవలన కలిగిన మాయయే ఇదియని సంశయించినవారు లేకపోలేదు. మెలిస్సా రోడెరిక్ మున్నగువారు 2014లో దానిని పరీక్షించి, ముందుగా మెలకువ వహించిన బడులలో ఆ పిల్లలే తరువాతి యేండ్లలో అధికముగా పట్టభద్రులైరనియు, ఆ పెరుగుదల మాయ కాదనియు నిర్ధారించిరి.

మధ్యాహ్నము భోజనశాలలో పిల్లలతో కూర్చుంటిని. వారు ఏటేట వసంతకాలమున పూరించు సర్వేను గుఱించి అడిగితిని. ఉపాధ్యాయులు మాట నిలబెట్టుకొందురా, వారియొద్ద నీకు జంకు లేక నుండునా, తరగతిలో నిన్ను నిజముగా ఆలోచింపజేయుదురా, వరండాలలో, మరుగుదొడ్లలో, బడి వెలుపలి దారిలో నీకు భయముండునా: ఇట్టివి ప్రశ్నలు. ఉపాధ్యాయులకు వేఱుప్రశ్నలు: ప్రధానోపాధ్యాయుని నమ్మగలరా, తోటివారితో కష్టము చెప్పుకొనగలరా, క్రొత్తగా వచ్చినవారికి తోడ్పడుదురా. పదవ తరగతి చదువు ఒక మెక్సికన్ బాలిక, తాను చిన్నబడిలో ప్రశ్నలు చదువకయే సున్నలు నింపెడిదాననియు, ఇచ్చట ఆ సర్వే ఫలితములు చూచి మరుగుదొడ్ల యొద్ద పీరియడుల నడుమ ఒక పెద్దమనిషి నిలుచునట్లు చేసిరనియు, అప్పటినుండి తాను శ్రద్ధగా నింపుచున్నాననియు చెప్పినది. సర్వే నిజాయితీకి ఇంతకంటె మంచి రహస్యము ఏ పరిశోధకుడును నాకు చెప్పలేదు. చెప్పిన మాట ఎక్కడికో పోయి ఏదో చేసినదని చూచిన పిల్లయే రెండవసారి నిజము చెప్పును.

మరునాడు హైడ్ పార్కునకు పోయితిని. 1896లో జాన్ డ్యూయీ తన ప్రయోగపాఠశాలను నెలకొల్పిన విశ్వవిద్యాలయము ఇచ్చటనే యున్నది. దాని దక్షిణమున 1893 నాటి అంతర్జాతీయ ప్రదర్శనమున ప్రపంచపు మొదటి ఫెర్రిస్ చక్రము తిరిగిన మిడ్‌వే అను పొడవైన పచ్చికమైదానమున్నది. ఆ మైదానము నానుకొన్న 60వ వీథిలోని యొక భవనమున ఆ పరిశోధనసంస్థ పనిచేయుచున్నది. వారి వాదమును క్లుప్తముగా చెప్పెదను. ఒక బడి ముందుకు పోవుటకు ఐదు ఆధారములు కావలెను: దక్షతగల నాయకత్వము, కలసి పనిచేయు ఉపాధ్యాయులు, దగ్గఱైన కుటుంబములు, ఆదరముగల వాతావరణము, బుద్ధికి పని పెట్టు బోధన. ఈ ఐదింటిలో మూడైనను బలముగానున్న బడులు, అధికభాగము బలహీనముగానున్న బడులకంటె పదిరెట్లు ఎక్కువగా ముందంజవేయు అవకాశము కలిగియున్నవని వారు చాలయేండ్ల సమాచారమునుండి తేల్చి, 2010లో గ్రంథముగా వెలువరించిరి. పిల్లలు చెప్పిన ఉత్తరములను వారు ఊరక కూడి భాగించుట లేదు. డేనిష్ గణితజ్ఞుడు జార్జ్ రాష్ కనిపెట్టిన పద్ధతి ననుసరించి, ఏ ప్రశ్నకు అవునని ఒప్పుకొనుట సులభము, ఏ ప్రశ్నకు కష్టమని ముందు తేల్చుదురు. బడిలోపల భయము లేదనుట చాలమందికి సులభము, బడి వెలుపలి దారిలో భయము లేదనుట కష్టము. ఆ కష్టమైన మెట్టును కూడ ఎక్కిన బడి యేదో అప్పుడే తెలియును. ఉత్తరమిచ్చినవారు సగమునకు తగ్గినచో ఫలితమును ప్రకటింపరు.

వారి పరిశోధనలలో నన్ను నిలువరించినవి రెండు. బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో, పెద్దలలో పరస్పర విశ్వాసము గట్టిగానున్న బడులలో రెండింట ఒకటి చదువుసంధ్యలలో ముందుకు పోయినదనియు, అది లేని బడులలో ఏడింట ఒకటియే పోయినదనియు వ్రాసిరి. 2011లో వెలువడిన మఱియొక పరిశోధన భద్రతను గుఱించినది. పేటలోని నేరములు బడి భద్రతను నిర్ణయించునని అందఱు తలతురు, అది కొంత నిజమే; కాని నేరములు మెండుగానున్న బీదపేటలో నుండియు ఉపాధ్యాయులకు పిల్లలతో, తల్లిదండ్రులతో మంచి సంబంధములున్న బడి, కలిగినపేటలో నుండియు అట్టి సంబంధములు లేని బడికంటె సురక్షితముగా నున్నదని ఆ పరిశోధన చూపెను. వాకిటనిలిచి పిల్లలను పేరుపెట్టి పిలుచుచున్న ఆ భద్రతాధికారిణి నాకు అప్పుడు కన్నులకు కట్టెను. కిరబొ జాక్సన్ ప్రభృతులు 2020లో ఇంకొక అడుగు ముందుకు వేసిరి: పిల్లల సాంఘిక మానసికాభివృద్ధికి తోడ్పడు ఉన్నత పాఠశాలలలో పిల్లలు బడిలో పోలీసులకు చిక్కుట తగ్గినదనియు, చదువు ముగించి కళాశాలకు పోవుట పెరిగినదనియు, పరీక్షల మార్కులు మాత్రము చూచినచో బడి చేసిన ఈ మేలులో పెద్దభాగము కనబడదనియు చూపిరి. బడి వాతావరణము ఫలితమునకు ప్రక్కన పెట్టు అలంకారము కాదని, ఫలితమునకది మూలమని చెప్పుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము నేను కోరను.

ఇంత చెప్పి, ఆ నగరమున అంకెలు అపవిత్రము కాలేదన్నచో సత్యము కాదు. ఉన్నత పాఠశాల ముగించువారి శాతము పెరుగుచున్నదని నగరము గర్వించుచుండగా, పాత్రికేయులు పరిశోధించి, చదువు మానిన పిల్లలను కొన్ని బడులు వేఱు ఊరికి మారిరని వ్రాసి లెక్కనుండి తీసివేసినట్లు బయటపెట్టిరి. 2015లో నగరపాఠశాలల యంత్రాంగము వెనుకటి నాలుగేండ్ల శాతములను సరిదిద్దుకొనవలసి వచ్చెను, 2014లో 69.4 అని ప్రకటించినది 66.3 ఆయెను. సర్వేను కూడ కొన్నియేండ్లు బడులకు మొదటిశ్రేణి, మూడవశ్రేణి అని ముద్రవేయు విధానములో కలిపిరి. అప్పుడు ఉపాధ్యాయులకు ఒక ధర్మసంకటము కలిగినది: మా బడిలో నమ్మకము లేదని నిజము వ్రాసినచో ఆ నిజమే మా బడికి ముద్రయగును. మా తెనాలి పిల్ల ఆ దినములను తలచుకొని, "నిజం రాయాలా, బడిని కాపాడాలా అని పెన్ను పట్టుకుని కూర్చునేవాళ్ళం మాస్టారూ" అనెను. శ్రేణులు కట్టు ఆ విధానమును తీసివేసి, ముద్రలులేని క్రొత్త విధానమును 2023లో నగరము అంగీకరించినది. అది ఎట్లు నడచునో కాలము చెప్పవలసియున్నది. కాని ముద్ర తీసివేయుట మాత్రము సరియైన పనియని నా నిశ్చితాభిప్రాయము.

మన ఆంధ్ర, తెలంగాణములలో బడులను గుఱించి లెక్కలు లేవని కాదు. గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, ప్రహరీగోడ కలదా, త్రాగునీరు కలదా యని యూడైస్ అను ప్రభుత్వపత్రములలో ఏటేట వ్రాయుచున్నాము. ఆ లెక్క లేనిదే పల్లెబడికి నీళ్లు రావు, దానిని తక్కువ చేయను. పదవ తరగతి శాతములున్నవి, జిల్లాలవారి స్థానములున్నవి. కాని మరుగుదొడ్డి ఉన్నదని వ్రాసిన పత్రములో, ఎనిమిదవ తరగతి ఆడపిల్ల దానికి పోవుటకు జంకుచున్నదా యని అడుగు గడి లేదు. తొమ్మిదవ తరగతిలో దసరాసెలవుల పిమ్మట వారమునకు రెండుదినములు రాని పిల్లవాడు ఏ మేస్త్రీవెంట పోవుచున్నాడో ఏదో ఒక ఉపాధ్యాయునికి తప్పక తెలిసియుండును. ఆ ఉపాధ్యాయుని మాట వినుటకు తక్కినవారు ఒక బల్లచుట్టు కూర్చుండు ఏర్పాటు లేదు. దీనికి కోట్లు అక్కఱలేదు. వారమునకు ఒక పీరియడు చాలును.

చికాగో విడుచుటకు ముందు ఆ పాఠశాల స్థానిక మండలి సమావేశమునకు పోయితిని. అది ఎవరైనను వచ్చి కూర్చుండదగిన సభ. గ్రంథాలయమున పొడవైన బల్ల, చుట్టు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకవైపు కాఫీపాత్ర. మాటలు ఆంగ్లమునను స్పానిషుభాషలోను సాగినవి. ఒక యువకుడు తల్లుల ప్రక్కన కూర్చుండి చెవిలో అనువదించుచుండెను. ప్రధానోపాధ్యాయురాలు గత వసంతకాలపు సర్వే ఫలితములను తెరపై చూపెను. ఉపాధ్యాయుల పరస్పరవిశ్వాసము పెరిగినది. కుటుంబములతో సంబంధము మాత్రము ఎదుగలేదు. దీనికి ఆమె కారణములు చెప్పబోవుచుండగా ఒక అమ్మమ్మ చేయియెత్తి, మనుమని గుఱించి బడినుండి తనకు వచ్చిన ఫోనులన్నియు వాడేదో తప్పుచేసిన దినములలోనే వచ్చినవనియు, వాడు బాగుగా చేసిన దినమున ఎవరును పిలువలేదనియు చెప్పెను. ప్రధానోపాధ్యాయురాలు వాదింపలేదు. నవంబరు ముగియులోపల తొమ్మిదవ తరగతిలోని ప్రతి ఇంటికి ఒక మంచిమాట చెప్పుటకై ఎవరెవరు ఫోను చేయవలెనో పంచుకొందమని ఒక ఉపాధ్యాయుడు సూచించెను. అంతమందికి వేళ ఎక్కడిదని ఇంకొకరు అడిగిరి. కొంత తర్జనభర్జన జరిగి, సలహా పీరియడునుండి ఇరువది నిముషములు తీయుదుమని నిశ్చయించిరి.

అప్పుడు పండ్రెండవ తరగతి చదువు విద్యార్థిప్రతినిధి లేచి, నిరుడు ఈ ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసిన పెద్ద తరగతివారు ఫలితములు రాకముందే బడి విడిచి పోయిరనియు, ఈయేడు తానును అట్లే పోవుదుననియు, కనుక పిల్లలు చెప్పినది పిల్లలకే తిరిగి చదివి వినిపించు సభయొకటి పెట్టవలెననియు, ముఖ్యముగా క్రొత్తగా వచ్చిన తొమ్మిదవ తరగతివారిని పిలువవలెననియు కోరెను. ఆ తీర్మానమును అమ్మమ్మ బలపరచినది. మండలి కార్యదర్శి దానిని పుస్తకమున వ్రాసికొని తేదీ అడిగినది. క్రీడాశాల ఖాళీగానుండు గురువారమును ఎంచి, ఆ పిదప మూడవ అంతస్తులోని వేడిగొట్టముల మరమ్మతు విషయమునకు పోయిరి.